మూతున్న డబ్బీలు

నలభై రెండు డబ్బీలు పంచిన నిన్న.
తెల్ల మూత, పక్కకు పేరు రాసిన చీటీ.
"పొద్దుగాల లేవంగనే మొదటి మూత్రం పట్టుండ్రి" అంటె
వాడకట్టంత కొంగు నోట్లె కుక్కుకొని నవ్వింది.
"ఆశమ్మా, బీపీ చూస్తివి, బరువు చూస్తివి,
ఇగ ఇదొక్కటే తక్కువైందా?" అన్నది ఇద్దమ్మ.
నేను గూడ నవ్విన.
నవ్వకుంటె ఎవలు తీసుకుంటరు?

చెయ్యి విరిగితె మొత్తుకుంటది.
పన్ను, రాత్రంత లేపి కూసుండబెడ్తది.
కిడ్నీ అట్ల కాదు.
మిర్యాలగూడ మిల్లుల హమాలి లెక్క,
సగం సచ్చినా మూట దించదు,
మాట అనదు.

మా ఆయన సంగతి గట్లనే ఎర్కైంది,
కాళ్ళు వాచినంక, అన్నం వాసన పడనంక.
నల్లగొండ పెద్ద దవఖాన్ల డాక్టరు కాయితం చూసి
"ఇన్నొద్దులు ఏడున్నరమ్మా?" అన్నడు.
ఏడుంటం? ఇంట్లనే ఉన్నం.
వారానికి మూడుమాట్ల బస్సు,
నాలుగేసి గంటల మిషను,
పదకొండు నెలలు.
అంతకుమించి చెప్ప.

ఇయ్యాల ముప్పైతొమ్మిది వచ్చినయ్.
కొన్ని కొంగుచాటున, ఒకటి టిఫిను గిన్నెల.
ఒక పిలగాడు వాళ్ళ తాతది సైకిలు హ్యాండిలుకు తగిలేసుకొని
గంట కొట్టుకుంట తెచ్చిండు.
పట్టీ ముంచుడు, నిమిషం ఆగుడు.
పసుపు పసుపుగనే ఉంటె
మనసుల ఒక దండం.

నలభయ్యోది మా గోడ మీద ఉన్నది.
ఎప్పుడు పెట్టి పోయిండ్రో.
చీటీ గీకేసిండ్రు.
మోదుగాకు కప్పి, ఆకు ఎగరకుండ రాయి పెట్టిండ్రు.
మూత తీస్తె నురుగు,
అప్పుడే దించిన కల్లు లొట్టి మీద ఉన్నట్టు.
పట్టీ ముంచిన.
ఇరవై లెక్కవెట్టకముందే ఆకుపచ్చ.

పేరుతోటి రానివి మూడు.
కంకర మిషను కాడి జానయ్య,
నడుం నొప్పికి దినాం రెండు గోళీలు
బీడికట్టతోటి కలిపి కొనేటోడు.
అండాలు, షుగరు మాత్రలు బియ్యం డబ్బల దాచి
అత్తకు గూడ చెప్పనిది.
ఇగ ఇద్దమ్మ,
నిన్న అందరికన్న గట్టిగ నవ్విన ఇద్దమ్మ.

"ఇది నీదేనా?" అని అడుగుతె
ముగ్గురు కాదనే అంటరు.
అడగ.

శుక్రారం మర్రిగూడల రక్తం తీస్తరు.
ఆటో మాట్లాడిన.
ముగ్గురిని ఎక్కిస్త.
కూలి పాయె, దినం పాయె అని
ఇద్దరన్న నన్ను తిడతరు.

తిట్టనీ.