కిటికీ వైపు

ఇంటి ఒప్పందంలో పదకొండో షరతు:
గోడకి మేకు కొట్టరాదు.
అందుకని మా హాల్లో పటాలన్నీ
అలిగిన పిల్లల్లా
గోడకి వీపానించి నేలమీదే కూర్చుంటాయి.
ఒక్కటి మాత్రం జిగురు పట్టీని నమ్ముకుని పైకెక్కింది.
దాని ధైర్యం సంగతి తర్వాత చెప్తాను.

బాలరాట్‌లో జూలై.
తెల్లారేసరికి గడ్డి నెరిసిపోయి ఉంటుంది.
శనివారం భోజనానికి పన్నెండుమంది,
ఇంట్లో ఉన్నవి ఏడు కుర్చీలు.
సోఫాలో ముగ్గురు, మొహమాటం లేకపోతే నలుగురు.
మొహమాటం లేనివాళ్ళని నేను పిలవలేదు.

కర్టెన్లకి ఆవపువ్వు రంగన్నాను.
తారకం బూడిదరంగన్నాడు.
షాపులో మూడు గంటలు తిరిగి
ఇద్దరికీ నచ్చని ఆకుపచ్చ కొనుక్కొచ్చాం.
వేలాడదీశాక
అది నా ఎంపికని తనూ
తన ఎంపికని నేనూ.

మూలనున్న కుర్చీ మాత్రం కొన్నది కాదు.
ఏప్రిల్లో ఓ వారం
వీధి వీధంతా పాతసామాన్లు బయట పెట్టుకుంటుంది.
గుంటపడ్డ పరుపులు, చక్రం లేని సైకిళ్ళు, దగ్గుతూ ఆగిపోయిన హీటర్లు,
వాటి మధ్య
వానకి సగం తడిసి, చేతులు చాచుకుని ఉందిది.
తీసుకెళ్తే ఎవరూ ఏమీ అనరు.
అయినా చీకటి పడ్డాకే మోసుకొచ్చాం.
కుడిచేతి మీద కాలిన మచ్చ, రూపాయి బిళ్ళంత.
దానిమీద అల్లికగుడ్డ కప్పి
గోడవైపు తిప్పి పెట్టాను,
పెళ్ళిచూపుల్లో వంకరపన్ను దాచినట్టు.

శనివారం గుమ్మంలో చెప్పుల గుట్ట.
పేరిందేవిగారు వస్తూనే కర్టెన్ అంచు రెండువేళ్ళతో నలిపి
బావుందనకుండా "ఎంతమ్మా?" అన్నారు.
జాషువా, సువార్త, వాళ్ళ కవలలు
సోఫా చివర్న బస్సులో సీటు దొరికినవాళ్ళలా.
అందరూ ప్లేట్లు ఒళ్ళో పెట్టుకుని
పరీక్ష రాస్తున్నంత నిశ్శబ్దంగా తింటున్నారు.
అప్పుడు పడింది పటం.
ధడేల్మని, సాంబారు గిన్నెకి బెత్తెడు దూరంలో.
"అదీ దాని ధైర్యం" అన్నాడు తారకం.
ఆ నవ్వుతో ఒక్కొక్కరూ నేలమీదికి జారారు.
ఏడు కుర్చీలూ ఖాళీ.

అందరికంటే ఆలస్యంగా వచ్చింది పక్కింటి బెరిల్,
ఎనభై రెండేళ్ళు, చేతిలో నిమ్మకాయ కేకు డబ్బా.
ఎక్కడ కూర్చోమంటారని అడగలేదు.
నేరుగా ఆ మూలకి వెళ్ళింది.
కూర్చుంది.
చూడకుండానే ఆమె వేళ్ళు అల్లికగుడ్డ కిందికి దూరి
మచ్చని వెతికి పట్టుకున్నాయి.
"లెన్ సిగరెట్టు" అంది. "ఇంకా ఉందే."

గారె నా గొంతులో ఆగిపోయింది.
క్షమించమనాలా,
తిరిగి తీసుకెళ్తారా అనాలా,
బూరె వడ్డించాలా.
బూరె వడ్డించాను.
కొరికి, లోపలున్న పూర్ణాన్ని దీపం వెలుగులో కాసేపు చూసి,
ఇంకోటి అడిగి తీసుకుంది.
తర్వాత, వేలికంటిన నెయ్యి తుడుచుకుంటూ:
"నాదనడం లేదు. నేనే బయట పెట్టాను.
కానీ దీన్ని ఇలా గోడకేసి కూర్చోబెట్టకండి.
పాపం, దీనికి అలవాటు లేదు."

లేవబోయింది.
లేవనివ్వలేదు జాషువా, తారకం.
చెరోవైపు పట్టి కుర్చీతో సహా ఎత్తారు.
ఆకుపచ్చ కర్టెన్ల ముందు
పల్లకీలా తిరిగింది బెరిల్,
కాళ్ళు నేలకి జానెడు ఎత్తున,
కేకు డబ్బా గుండెకి హత్తుకుని.

ఇప్పుడు హాలు అందం చెడింది.
సోఫా వీపు వంటింటికి,
కర్టెన్ ఒకటి ఎప్పుడూ పక్కకి,
తివాచీలో ఎక్కడో ఒక మెతుకు.
అల్లికగుడ్డ ఉతికి ఆరేశాను,
మళ్ళీ కప్పలేదు.

సోమవారం పొద్దున్న
రాత్రి డ్యూటీ దిగొచ్చి కాఫీతో అందులో కూలబడ్డాను.
మంచుపట్టిన వీధిలో బెరిల్
చెత్తడబ్బా గడగడా లాక్కెళ్తోంది.
కిటికీ కేసి చూసి ఆగి
చెయ్యెత్తింది,
నాకో, కుర్చీకో.