మైనస్ ఆరు

వేళచ్చేరి మాల్‌లో, నాలుగో అంతస్తులో
నా చలికాలం పొద్దున పదింటికి మొదలవుతుంది.
బయట మే నెల.

అద్దె బూట్లు, అద్దె కోట్లు, అద్దె గ్లౌజులు.
జట్టుకి నలభై నిమిషాలు.
అన్నీ లెక్కపెట్టి తిరిగి తీసుకుంటాను,
తడి మేజోళ్ల వాసనకి మాత్రం రసీదు లేదు.

బిష్ట్‌ది ఔలీ దగ్గర పల్లె.
కొండ మీద స్కీయింగ్ నేర్పేవాడట.
రెండేళ్లు వరసగా మంచు మొహం చాటేసిందట.
ఇప్పుడు ప్లాస్టిక్ తొట్టెల్లో పిల్లల్ని కూచోబెట్టి
పన్నెండడుగుల వాలు మీంచి తోస్తాడు.
"ఇదేం మంచు," అంటాడు,
"ఫ్రిజ్ గోకిన పొడి."

నేను కవిటి మనిషిని.
మాకు మంచంటే
జీడిపూతని మాడ్చి, ఎండ పొడ తగలగానే
ఏమీ ఎరగనట్టు జారుకునేది.
ఇక్కడిది జారుకోదు,
కరెంటు పోతే తప్ప.

నిన్న పోయింది.
జనరేటరు అందుకునేలోగా
చీకట్లో, పైకప్పు నుంచి
ఒకటి, ఆగి ఇంకోటి, చుక్కలు.
బిష్ట్ గ్లౌజు తీసేసి అరచెయ్యి చాచాడు.
"ఏప్రిల్‌లో మా ఇంటి చూరు
అచ్చం ఇదే చప్పుడు."

పదకొండో జట్టు తలుపు బాదుతోంది.
టార్చి నా జేబులోనే ఉంది.
వెయ్యలేదు.