పట్టికలో లేనివి

మొదటి వారం మా సారు ఒక కాగితం ఇచ్చారు.
రెండు వందల మాటలు: నీళ్లు, నిప్పు, కన్ను, కుక్క, పేను.
ఏ భాషలోనైనా ఇవి ఉండి తీరతాయట.
"మీ ఇంట్లో అడిగి రావయ్యా" అన్నారు.
హాజరు పట్టీలో నా ఇంటిపేరు చూశాక
ఎరుకల భాష నా సంచీలో ఉంటుందని ఆయన నమ్మకం.

నా సంచీలో ఉన్నది
తహసీల్దారు ముద్ర వేసిన కుల ధ్రువీకరణ పత్రం.

నంబూరులో బస్సెక్కాను.
ముందు మిర్చి టిక్కీల లారీ,
గుంటూరు దాకా బస్సు బస్సంతా తుమ్ముతూనే ఉంది.
నేను మాత్రం డిపార్టుమెంటు రికార్డరు
తడవకుండా, పోకుండా, గుండెకి అదుముకుని.

నల్లపాడు గేటు పక్కన, పట్టాలకి ఇవతల,
అంకమ్మవ్వ వెదురు చీలుస్తోంది.
"నీళ్లని మన మాటలో ఏమంటారే?"
"నీళ్లే."
"నిప్పుని?"
"నిప్పే. కాలదా?"
"పేనుని?"
"నీ నెత్తిలోదా, నా నెత్తిలోదా?"
నలభై గళ్లలో నలభై తెలుగు మాటలు రాశాను.

ఆవిడ చూపు నా మొహం మీద లేదు,
రికార్డరు ఎర్ర దీపం మీద ఉంది.

"మా అయ్య రోజూ రాత్రి ఠాణాకి పోయి
ఉన్నానని చెప్పి రావాలి.
సంతలో మన మాట నోరు జారితే చాలు,
ఏం కూసుకుంటున్నార్రా అని లాఠీ.
రాసుకునేవాళ్లకి భయపడే మానేశాం నాయనా.
ఇప్పుడు నువ్వొచ్చావు, పెన్ను పట్టుకుని."

ఆ సంగతి నాకు కొంచెం తెలుసు.
లైబ్రరీ అడుగు అరలో, చెదలు మిగిల్చిన పుస్తకంలో,
ఠాణాల కోసం అచ్చేసిన పట్టిక చూశాను.
కత్తికి మాట ఉంది. కన్నానికి ఉంది.
వెన్నెల లేని రాత్రికి, పరిగెత్తడానికి,
వస్తున్న పోలీసుకి ఉంది.
బుట్టకి లేదు.
పిల్లని నిద్రపుచ్చడానికి లేదు.
నవ్వుకి లేదు.
మా భాషని మొదట శ్రద్ధగా నేర్చుకున్నవాడు
మాతో మాట్లాడ్డానికి నేర్చుకోలేదు.

దీపం ఆర్పేశాను.

అప్పుడే చాటల బేరానికి ఒకాయన స్కూటరు ఆపాడు.
రెండు వందలంటే ఎనభై అన్నాడు.
అవ్వ పక్కకి తిరిగి, ఈత బరికెలు నానబెడుతున్న చెల్లెలితో
గబగబా ఏదో అంది.
చెల్లెలు అంతకన్నా గబగబా ఇంకేదో అంది.
ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు.
స్కూటరాయన, నేను,
ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.
ఆ క్షణాన నేనూ ఆయనా ఒకే వైపు.

"ఏమన్నావే?"
"ఆయన్ని కాదులే. నిన్నే."

సాయంత్రం దాకా బద్దలు అందించాను.
వెళ్లేముందు చెంబు నా చేతికిచ్చి
"తణ్ణి" అంది, అడక్కుండానే.
(హాస్టల్లో రూమ్మేటు విని, అరవంలా ఉందే అన్నాడు.
వాడికి వివరించడానికి రాత్రి పన్నెండైంది.)

ఇంకో మాట కూడా తెచ్చుకున్నాను.
వెదురు చీల్చేటప్పుడు అంచున లేచే సన్న పేడు
గోటి కింద దిగితే, కన్నీళ్లతో పాటు వచ్చే మాట.
నాకు దిగింది గనక చెప్పింది.
రాయనని ఒట్టేయించుకుంది.

సారుకి కాగితం ఇచ్చాను.
నలభై కొట్టివేతలు, ఒక్క నీళ్లు, మిగతా అంతా తెలుపు.
ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.
"మళ్లీ ఎప్పుడు పోతున్నావు?" అన్నారు.
శనివారం అన్నాను. ఇప్పుడు ప్రతి శనివారం.
రికార్డరు బీరువాలోనే ఉంటోంది.

నంబూరు బస్సులో నిలబడి
ఆ రెండో మాటని నాలుక మీద తిప్పుకుంటున్నాను.
మధ్యలో ఒక అక్షరం నాకింకా పలకదు,
అంగిట్లో ఎక్కడో జారిపోతుంది.
పక్క సీటాయన "ఏంటి బాబూ?" అన్నాడు.
ఇంకోసారి అన్నాను,
ఈసారి పైకి.