చెరిపే రబ్బరు

కుతాయిసిలో తెల్లవంతెన దాటాక
తాళాలు చేసే అతనికీ రొట్టెల కొట్టుకీ మధ్య ఇరుక్కుని
నా కొట్టు. ఒక బల్ల, ఒక దీపం,
నేను కూర్చుంటే ఇంకొకరు నిలబడాలి.

వర్లామ్ గొడుగు మడవకుండానే అన్నాడు:
"దీనికి మెమొరీ పెంచమ్మా."
ఇరవై ఏడేళ్లు ట్రాలీబస్సు నడిపిన మనిషి.
ఆ తీగలూ పోయాయి, బస్సులూ పోయాయి,
మాట్లాడుతుంటే మాత్రం కుడిచెయ్యి
ఇప్పటికీ స్టీరింగు తిప్పుతుంది.

ఎందుకని అడిగాను.
చదరంగం ఆడేటప్పుడు యంత్రం ఆయాసపడుతోందట.
"ఓడేది ఎలాగూ మీరేగా!"
"రోజూ నేనే. కానీ ఏనాడైనా గెలిస్తే
ఆకలితో ఉన్నవాణ్ని కొట్టాడన్న పేరు నాకొద్దు."

అడుగు మూత విప్పాను. పది మరలు,
ఒకదాని తల అరిగిపోయి గంట తిన్నది.
లోపల పిల్లి వెంట్రుకలు, పొద్దుతిరుగుడు గింజ పెంకు,
ఉబ్బిన బ్యాటరీ. దాన్ని తీసి గుమ్మం బయట పెట్టాను.
నాలుగు జీబీ బోర్డుకే అతుక్కుని ఉంది, కదలదు.
పక్కన ఖాళీ గాడి ఒకటి.
"కొన్ననాటి నుంచీ ఖాళీయేనా?"
ఆయన వంగి చూశాడు
తన ఇంట్లో తనకు తెలియని గది బయటపడ్డట్టు.

దీనికి మెమొరీ అని పేరు పెట్టిందెవరో గానీ
జ్ఞాపకం కాదిది, బల్ల.
వెడల్పయితే నాలుగు కాగితాలు ఎక్కువ పరుచుకుంటావు,
కరెంటు పోతే దాని మీద
దుమ్ము కూడా మిగలదు.

నోటరీ ఆఫీసులో టీ తాగి చచ్చిన లాప్‌టాప్ ఒకటుంది నా దగ్గర.
దానిలోంచి ఎనిమిది జీబీ ముక్క తీసి
ఏటవాలుగా దూర్చి నొక్కాను.
మూడు కీచులు. తెర నలుపు.
తీసి చూస్తే బంగారు పళ్లు గార పట్టి ఉన్నాయి.

సొరుగులోంచి మా చెల్లెలి కూతురి రబ్బరు తీశాను,
కుందేలు బొమ్మ, ఒక చెవి ఇప్పటికే హోంవర్కులో అరిగింది.
"చెరిపేదానితోనా?"
"చెరిపేదానితోనే."
రెండో చెవి సగం అయ్యేదాకా రుద్దాను.
మళ్లీ పెడితే రెండు క్లిప్పులూ టక్కుమన్నాయి.
పన్నెండు.
ఆయన ఆ అంకె మీద వేలు పెట్టి చదివాడు.

నలభై లారీలు లెక్కపెట్టి, "ఒక్క ఆట" అన్నాడు.
పందొమ్మిదో ఎత్తులో
పక్కకొట్టువాడు పొయ్యి వేశాడు కాబోలు,
ఫ్యూజు ఎగిరింది. దీపం, తెర, ఆట,
అన్నీ ఒకేసారి.

"అయ్యో!" అన్నది నేనే.
చీకట్లోంచి ఆయన గొంతు, తొందర లేకుండా:
తెల్లరాజు మూలన, ముందు మూడు బంట్లు,
ఏనుగులు రెండూ ఒకే బారులో,
నల్లమంత్రి ఇటు, ఒంటె అటు...
చివరిదాకా చెప్పి ఆగాడు.

"తొంభై మూడు చలికాలం. మా మెట్ల మీద అయిదుగురం.
కొవ్వొత్తి వంటింటికే సరిపోయేది కాదు,
నోటితోనే ఆడేవాళ్లం.
గోచా ఒక్కడు దొంగ. తన గుర్రాన్ని
ఒక గడి పక్కకి జరిపి చెప్పేవాడు."
"మరి మీరు?"
"అవును, అక్కడే ఉంది అనేవాళ్లం.
వాడి వంతు వచ్చేసరికి రొట్టె అయిపోయేది,
చాలా రోజులు."

లైటొచ్చింది.
యంత్రం లేచి, తన పన్నెండూ చూసుకుని,
ఎదుటివాడెవరో ఎరగనట్టు
కొత్తగా పావులు పేర్చింది.
వర్లామ్ కళ్లజోడు సర్దుకుని
ఒక్కొక్కటే పాత చోట్లకి లాగాడు.
నల్లగుర్రం దగ్గర చెయ్యి ఆగింది.
నావైపు చూడకుండా
దాన్ని ఒక గడి పక్కన పెట్టాడు.