నడిమి నార

ఉక్కుతాడు నడిమిన నారుంటుంది.
నూనె తాగిన నార, దాని చుట్టూ ఉక్కు పేటలు.
చెబితే నమ్మరు.

కంటోన్మెంటులో నాలుగంతస్తుల ఆసుపత్రి.
మిద్దె మీద మోటారు గది, పావురాల రెట్ట,
నిప్పులా కాలే రేకు.
తాడు మీద గుడ్డ పెట్టి జరుపుతున్నాను
జానెడు మేర ఎన్ని తీగలు తెగాయో చూస్తూ.
గుడ్డ చిక్కుకుంది. మళ్ళీ చిక్కుకుంది.
ఏడు. ఎనిమిది.
పదకొండు దగ్గర లెక్క ఆపేశాను.

నెల్లిమర్ల జూట్‌మిల్లులో మా అమ్మ
కళ్ళు మూసుకునే చెప్పేది
ఏ పురి వదులో, ఏది రేపటికి ఆగదో.
ఇంటికొచ్చినా కొప్పులో పీచు,
ఒక్కోసారి నా అన్నంలో కూడా.

"సంతకమెట్టీండి బాబూ, నిన్నటిదాకా తిరిగిందే కదా!"
మేనేజరు దాలినాయుడు టీ పట్టుకొచ్చాడు.
నిజమే.
తెగిన ప్రతి తాడూ నిన్నటిదాకా తిరిగిందే.

టీ మీద మీగడ కట్టింది.
బోర్డు తగిలించాను. తాళం నా జేబులో.

అప్పుడొచ్చింది ఆటో.
గజపతినగరం నుంచి దాలమ్మ గారు,
మంగళ శుక్రవారాల డయాలసిస్ మనిషి.
మూడో అంతస్తు.
నా చేతుల నూనె చూసి అడిగింది:
"ఏటి, నువ్వేనా ఆపీసినావు?"

నేనే.

వార్డుబాయ్ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చాడు.
వీపు వైపు అతను, కాళ్ళ వైపు నేను.
యాభై నాలుగు మెట్లు.
రెండో మలుపులో నా చొక్కా గుప్పిట బిగించి
"ఒదిలీకు నాయనా" అంది.

లెక్కపెడుతూనే ఉన్నాను,
మెట్లు కాదు,
విశాఖ నుంచి కొత్త తాడు వచ్చేలోగా
ఎన్ని మంగళవారాలో.