వేడెక్కితే పలకదు

అరండల్‌పేట ప్రెస్సులో నాలుగు నెలల జీతం బాకీ పడి
పరంధామయ్యగారు నా చేతిలో పెట్టిన తాళంచెవి ఇది.
డెబ్బైతొమ్మిది మోడల్ ఫియట్.
రంగు ఒకప్పుడు పాలమీగడ,
ఇప్పుడేమిటో చెప్పలేను.
ప్రూఫులు దిద్దేవాడికి కారెందుకని
నవ్వినవాళ్ళలో నేనే మొదటివాణ్ణి.

పొద్దున పిలిస్తే పలుకుతుంది.
చోక్ ఒక్కసారి లాగితే చాలు,
దగ్గి, గొంతు సవరించుకుని
గవర్నర్‌పేట దాకా బుద్ధిగా మోసుకొస్తుంది.
మధ్యాహ్నం మూడింటికి
బెంజ్ సర్కిల్లో సిగ్నల్ పడి ఆపితే
ఇక లేవదు.
స్టార్టర్ గిర్రున తిరుగుతుంది,
బ్యాటరీకి లోటు లేదు,
లోపల మాత్రం ఏదీ అంటుకోదు.
వెనక ఆర్టీసీ బస్సు హారను
మా వంశాన్నంతా పేరుపేరునా పలకరిస్తుంది.

నలుగురు తోసి పక్కన పెట్టాక
నేనొక గ్లాసు చెరుకురసం తాగొచ్చేలోగా
ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది.

ఆటోనగర్‌లో ముగ్గురికి చూపించాను.
ముగ్గురి ముందూ మొదటి తిప్పుకే లేచి నిలబడింది,
ఇన్‌స్పెక్టరొచ్చిన రోజు అల్లరిపిల్లాడిలా.
ఒకడు ప్లగ్గులు మార్చాడు.
ఒకడు పాయింట్లు గీకి, కార్బురేటర్ విప్పి
పెట్రోలుతో తలంటు పోశాడు.
మూడోవాడు నా మొహం చూసి
"అమ్మెయ్యండి సార్" అన్నాడు.
దానికి మాత్రం డబ్బులు తీసుకోలేదు.

నాలుగోవాడు సిలార్.
షెడ్డుకి బోర్డు లేదు.
రేకుల కింద వేపపుల్ల నములుతున్నవాడు
బానెట్ ముట్టుకోకుండానే
"ఎప్పుడు రాదు?" అన్నాడు.
ఏం పోయిందని కాదు, ఎప్పుడని.
చెప్పాను.
"అయితే పదండి, దీనికి జబ్బు చేయిద్దాం."

మే నెల, రెండున్నర.
రామవరప్పాడు రింగు, గుణదల, మళ్ళీ రింగు.
మెత్తబడ్డ తారు మీద
సెకండు గేరులో ఈడుస్తూ
ఇద్దరం చెమటలో ఉడికిపోతూ
కారు చావాలని కోరుకున్నాం.
చివరికి ఏలూరు కాలవ గట్టున చచ్చింది.
సిలార్ మొహంలో పెళ్ళికళ.

దారినపోయే ఐసుబండి కుర్రాణ్ణి పిలిచి
తాళం తిప్పమన్నాడు.
కాయిల్ నుంచొచ్చే లావు వైరు కొస పట్టుకుని
ఇంజను ఇనుముకి గోరంత ఎడంలో ఉంచాడు.
ఎండలో నాకేం కనపళ్ళేదు.
తన తుండు మా ఇద్దరి తలల మీదా కప్పాడు.
ఆ గుప్పెడు చీకట్లో చూశాను,
పసుపుపచ్చగా, నీరసంగా
ఒకటి వచ్చింది. రెండోది రాలేదు.
"నీలంగా టప్‌మనాలి.
ఇది దణ్ణం పెడుతోంది."

తుండులో ఐసుగడ్డ చుట్టి
కాయిల్ మీద పెట్టాడు, జ్వరం నుదుటి మీద పెట్టినట్టు.
కాలవలో ఒక గుర్రపుడెక్క గుంపు నెమ్మదిగా కదిలి
వంతెన కింద దూరేదాకా ఆగాం.
"తిప్పరా."
టప్. టప్. నీలం.
"లోపల తీగ మీద పూత పోయింది సార్.
చల్లగా ఉన్నంతసేపూ ఓర్చుకుంటుంది,
వేడెక్కితే దారి తప్పుతుంది కరెంటు."

ఈ జాతిని నేనెరుగుదును.
ఏడుసార్లు చదివినా కనపడని అచ్చుతప్పు
బైండింగయ్యాక మొదటి కాపీ తెరవగానే
ఎదురొచ్చి నమస్కారం పెడుతుంది.
దాన్ని ఎండలో తిప్పే ఉపాయం
మా వృత్తిలో ఎవరూ కనిపెట్టలేదు.

"ఐసు డబ్బులు ఎవరిస్తారు?"
అన్నాడు కుర్రాడు.

కొత్త కాయిల్ పావుగంట పని.
పాతది అడిగి తెచ్చుకుని
ఫ్యానుగాలికి ఎగరకుండా ప్రూఫుల మీద పెట్టాను.
అది నూనె కార్చి ఒక పేజీ పాడుచేసింది.
ఆ పేజీలో తప్పుల్లేవు, అదే బాధ.

నిన్న మూడింటికి బెంజ్ సర్కిల్లో
కావాలనే ఇంజను ఆపాను.
పది లెక్కపెట్టి తిప్పాను.
లేచింది.
ముందు నిలబడ్డ ఆటోని కదలమని హారను నొక్కితే
మోగలేదు.
నాలుగు రోజుల కింద మోగింది.
కోపం రాలేదు.
ఎప్పుడు మోగదు, అని మాత్రం
ఒక చీటీ మీద రాసుకున్నాను.