ఇరవై మూడో అంతస్తు, బయటి దిక్కు

మనామా. శుక్రవారం. ఆఫీసుల ఎవ్వరు లేరు.
జూలా ఊగకుంట రాజమల్లు
రబ్బరు కప్పు అద్దానికి ఒత్తిండు.
సబ్బునీళ్ళు జారంగనే
లోపటి గోడకు, పటంల, పెద్ద చర్చి.

రంగుల్లేవు. అంత గీతలే.
నీడ ఉన్నకాడ గీత మీద గీత,
మబ్బు ఉన్నకాడ ఎడంఎడంగ.
కింద మూలకు సన్నగ: 1748.

అద్దం మీద ఎండిన సిమెంటు సుక్కల్ని
బ్లేడుతోని గీకేటోణ్ణి,
ఆ గీసినాయన చెయ్యి యాడ గుంజిందో నాకెరుకే.
కుడిదిక్కు మూడో స్తంభం. జర వంకర.

మెట్ల మీద బియ్యపుగింజంత మనుషులు,
ఒక గుర్రబ్బండి,
నెత్తిమీద మూటతోని ఒకామె,
ఆమె ఎనుక ఒక బక్కకుక్క.
తలుపు తెరిచే ఉన్నది గని
అండ్ల ఉత్త నలుపు.

ఏడాదిన్నరకెల్లి నేను సూత
ఈ ఊరిని బయటికెల్లే చూస్తున్న.
బ్యాంకుల ఈపులు, హోటళ్ళ చెంపలు.

"ఏందిరా, నీళ్ళు ఎండుతున్నయ్."
"చర్చి బొమ్మ. గుమ్మటం సగం దాక
ఎదురుంగ కనవడుతున్నది.
గంత ఎత్తుల యాడ నిలవడ్డడో గీసినోడు."
"లోపట ఎట్లుంటదో గీసిండా?"
"లేదు."
"అయితే మనోడే" అని
రాజమల్లు వైపర్ గుంజిండు.

ఉప్పు దుమ్మంత ఒక్క ఊపుల పోయింది.
అటుపక్క, పటం అద్దం మీద ఇంకో దుమ్ము,
పావురం రంగుది, గుమ్మటం మీదికెల్లి మెట్ల దాక.

అది మన లెక్కల రాదు.

కప్పు ఊడవీకి మోటర్ ఒత్తినం.
ఇరవై రెండు.
ఉత్త కుర్చీలు.